ఫ్రీ వకీలు ముంగట నోరిప్పలే

“మామా, కోర్టోళ్లు పైసలు లేకుంట వకీలునిస్తరట. నమ్మొచ్చంటవా?”

కూసో కమలా, జర కూసో. పొద్దుగాల నీ మొగున్ని ఠాణాకు తోలుకపోయిర్రని పరేషానైతున్నవ్, నాకెరికే. వాడు నాకు కొడుకు కాదా? పక్క చేనాయన బాయి మోటరు పోయిందట, మా మల్లేశే ఎత్కపోయిండట! చాయ గిలాస ఎత్తనీకే బద్ధకం వానికి, మోటరెత్తుతడా?

వకీళ్ల సంగతి నాకంటె ఎవలికెరుక ఈ ఊర్లె? నేను జైలుల ఉన్నప్పుడు జైలరే లేచి నమస్తే పెట్టేది. నవ్వకు. సరే, పెట్టలే గని, ఓపారి తలకాయ ఊపిండు.

గప్పుడు నేను కేసముద్రం మార్కెట్ల హమాలీ. రెండు మక్కల బస్తాలు ఒక్క భుజం మీదికెల్లి... మూడనుకో. గది చూసే మీ అత్త నన్ను చేసుకున్నది. బస్తా మక్కలు గప్పుడు ఎంతుండెనంటే... ఏమో తియ్యి, గా పైసలకు ఇప్పుడు చాయ గుడ రాదు. ఏడున్న నేను? ఆఁ, బస్తాలు. ఓ దినం లారీల కెల్లి బస్తాలు పోయినయ్. అన్ని మోసేటోడు వీడొక్కడే అని నా పేరు చెప్పిర్రు! గా దినం నేను మరిపెడల మా అక్క ఇంట్ల ఉన్న. యాటను కోసిర్రు, సగం నేనే తిన్న. ఊరంత చూసిర్రు.

ఠాణాల వకీలు లేడు, జైలుకు తోలినప్పుడు లేడు. కేసు నడిచేటప్పుడు కోర్టోళ్లు ఒకాయన్నిచ్చిర్రు. పుల్ల లెక్కుండె. “ఏం జరిగిందో చెప్పవయ్యా” అన్నడు. నేను నోరిప్పలే. పోలీసులకు జీతమిచ్చేది సర్కారు, ఈయనకిచ్చేది సర్కారు, అందరొక్కటే అనుకున్న. నిద్రల గుడ మాట్లాడేటోన్ని నేను! అక్క ముచ్చట చెప్పలే, యాట ముచ్చట చెప్పలే. మల్ల వాయిదాకు ఇంకొకాయన, గా మల్ల ఇంకొకాయన. నా మొఖమే ఎవలికి యాదికుండకపోయేది.

మీ అత్త కడుపుతోని ఒక్కతే పత్తి ఏరింది. ఆఖరికి మా అక్కనే కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తే ఇడిచిపెట్టిర్రు. ఇంటికొచ్చేసరికి మల్లేశు పాకుతున్నడు. ఎత్తుకుంటే కెవ్వుమన్నడు బిడ్డా. ఎవడో దొంగొచ్చిండనుకున్నడు... జర నీళ్లియ్యి.

ఇప్పుడట్ల కాదట. మొన్న మానుకోట కోర్టోళ్లు మనూర్లెకొచ్చి చెప్పంగ ఇన్న. బీదోళ్ల కేసులు చూసుడే పనిగ వకీళ్లను పెట్టిర్రట, కోర్టుల్నే వాళ్ల ఆఫీసు. ఠాణాల పట్టుకున్న కాడికెల్లి ఆఖరుదాంక వాళ్లే చూడాలట. మంచిగ చూస్తరో లేదో నాకెరుక లేదు. వాళ్లు గుడ మనుషులే, వాళ్ల మీద గుడ కేసులు కుప్పలుంటయ్. గని చెప్పకపోతే ఎంత పెద్ద వకీలైనా ఏం చేస్తడు?

మోటరు పోయిన దినం మల్లేశు నెల్లికుదురుల స్లాబు పనికి పోయిండు గద? మేస్త్రీ ఉన్నడు గద? ఆయన్ను ఎంటేస్కపో. గా వకీలు ముంగట అంత చెప్పు, ఏది దాయకు. రేపటిదాంక ఆగకు, జడ్జి ముంగట నిలవెట్టకముందే చెప్పాలె. నాకు మోకాళ్లు లేస్తలేవు, లేకుంటె మానుకోటకు ఉరుక్కుంటనే పోదును.

లే బిడ్డా, ఆటో పోతది. సల్లగుండుర్రి ఇద్దరు. నా కొడుకును ఇంటికి తోలుకరా... నేనీడనే, అరుగు మీదనే కూసుంట...