ఉప్పుస్తంభం గడ్డం మీద పుట్టుమచ్చ

వాషింగ్ మెషీన్‌లోంచి యెరికోకి వెళ్తారా ఎవరైనా? నువ్వు రాస్తే వెళ్తారు. మన పిల్లలిద్దరూ అందులో దూరి మూతేసుకుంటే చాలు, గిర్రున తిరిగి వేల ఏళ్ళు వెనక్కి పోయి బైబిల్లో తేలతారు. బట్టలు కూడా తడవవు. పోనీలే, పిల్లల పుస్తకాలు కదా అని ఇన్నాళ్ళూ నోరు మూసుకుని నీకు బొమ్మలేసిపెట్టాను.

కూర్చో అక్కా. టీ తర్వాత పెడుదువుగాని. పిల్లలిద్దరూ మేడ మీద ఆడుకుంటున్నారు, మన మాటలు వినపడవు.

అసలు నీ పుస్తకాల్లో మీ అబ్బాయి చేయని ఘనకార్యం ఏముందో చెప్పు. దావీదుకి రాయి అందించింది మీవాడేనట. పాపం, ఆ వాగులో రాళ్ళు కరువయ్యాయి కాబోలు. సముద్రం రెండుగా చీలితే మధ్యలో నిలబడి బిస్కెట్లు తింటాడు. మరి నా కూతురు? పుస్తకం పొడుగునా "అన్నయ్యా, నాకు భయం" అంటుంది. ఇన్ని పుస్తకాలు రాశావు కదా, ఒక్కదాంట్లోనైనా దానికి ఇంకో మాట ఇచ్చావా?

నవ్వకు. నిన్ను నవ్వించడానికి రాలేదు నేను.

కొత్త పుస్తకం సంగతే మాట్లాడదాం. సొదొమ పట్నం తగలబడుతోంది. వెనక్కి చూడొద్దని దేవదూతలు చెప్పారు. లోతు, అతని పెళ్ళాం, ఇద్దరు కూతుళ్ళు పరుగెడుతుంటే పక్కనే మన పిల్లలూ పరుగెడుతున్నారు. బాగుంది. ఆ లోతు పెళ్ళాం ఏమంటుంది? "ఉండండి, ఒక్క నిమిషం, ఇదొక్కటీ సర్దేసి వస్తా." ఎవరి మాట అది? మనింట్లో ఎవరిని లేపి అడిగినా నా పేరే చెప్తారు. పైగా ఆవిడ గడ్డం మీద పుట్టుమచ్చ. నువ్వు చూసొచ్చావా ఆవిడ గడ్డం? ఏ మెషీన్లో వెళ్ళావు?

సరదాకి రాశావా. సరే. ఆవిడ వెనక్కి తిరిగి ఉప్పుస్తంభం అయిపోయాక మీవాడు నా కూతురితో ఏమంటాడు? "విడిచొచ్చిన ఇంటి మీద ఆశ చావనివాళ్ళ గతి ఇంతే." పాలపళ్ళు ఊడని వెధవ నోట ఎంత వేదాంతం. నేను మా ఆయన్ని వదిలేసి కూడా రెండుసార్లు తిరిగి వెళ్ళానని నీకు కడుపులో మంట. ఆ మాటేదో నా మొహాన్నే అను. మధ్యలో లోతు పెళ్ళాం ఏం చేసింది నిన్ను?

నా కూతురు నీ ఉప్పు తింటోంది, కాదనను. నేను పనిచేసే పింగాణీ కప్పుల ఫ్యాక్టరీ హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు, నువ్వు ఉంచుకున్నావు. అందుకే పొద్దస్తమానం కప్పుల మీద పువ్వులేసి వేళ్ళు కొయ్యబారిపోయినా, నువ్వడిగిన బొమ్మ ఏనాడూ కాదనలేదు. నీ ఉప్పు తిన్నందుకు నన్నే ఉప్పు చేస్తావా?

అన్నం దగ్గర పిల్లలకి చదివి వినిపించావట కదా. పుట్టుమచ్చ అనగానే ముద్ద ఆపేసి, "పెద్దమ్మా, అమ్మకి కూడా అక్కడే ఉంది" అందట అది. నువ్వేమో "అవునే, మీ అమ్మే" అని పకపకా నవ్వావట. మీవాడే చెప్పాడు. పెద్ద జోకు మరి.

దానికి జోకు కాలేదక్కా.

పోయిన ఆదివారం దాన్ని చూసి నేను తిరిగి వెళ్ళేటప్పుడు నువ్వు వంటింట్లో ఉన్నావు. అది ఎప్పటిలాగే గేటు దగ్గర నిలబడింది. వీధి మలుపులో నేను తిరిగి చెయ్యి ఊపుతాను, అదీ ఊపుతుంది. వారమంతా ఆ చెయ్యి తలుచుకునే బతుకుతాను నేను. ఆ రోజు సగం దూరం పోయానో లేదో వెనకనించి ఒకటే కేక. "అమ్మా, తిరగకు. తిరగకమ్మా, ఉప్పైపోతావు." గొంతు చించుకుని అరుస్తోంది. సైకిల్ మీద పోతున్నవాడు కాలు ఆనించి మరీ చూశాడు.

లేవకు, టీ తర్వాతన్నానుగా.

లోతు పెళ్ళాం ఎందుకు తిరిగిందని రాశావు నువ్వు? వెండిగిన్నెల మీద ఆశట. వెనకనించి ఎవరో పిలిచినట్టు అనిపించి తిరిగిందేమోనని నీకు తట్టనైనా తట్టలేదు. ఎలా తడుతుంది, నీ బిడ్డ నీ కొంగు పట్టుకునే తిరుగుతుంటే.

బొమ్మ వెయ్యలేదు. వెయ్యను. ఇంకెవరి చేతైనా వేయించుకో, పుట్టుమచ్చ కూడా పెట్టించుకో. నా కూతురి బట్టలు సర్దుకుని ఇవాళే దాన్ని తీసుకుపోతున్నాను. కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పైన గది చూశాను. ఒకటే కిటికీ, నీళ్ళు కిందనించి మోసుకోవాలి. అదే మాకు మహల్. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటూ ఆలస్యం చెయ్యనులే, కంగారుపడకు.

ఏంటి? ఆ రోజు వెనక్కి తిరిగానా అంటావా?

ఇంత వాగుతున్నదాన్ని, తిరిగి ఉండాల్సింది కదూ. తిరిగి నిలబడి, "చూడవే పిచ్చిమొద్దూ, మీ అమ్మకేం కాలేదు" అని చూపించాల్సింది. నీ పిచ్చిరాతలకీ నాకూ ఏ సంబంధం లేదని నాకు తెలియదా? తెలుసు. అయినా మెడ తిరగలేదక్కా. అది అక్కడ ఏడుస్తుంటే వింటూనే, తిన్నగా నడుచుకుంటూ మలుపు దాటిపోయాను. నాకూ భయమేసింది.