ఎడమొహం చిలకలు

నేను అక్షరాలు దిద్దింది మా ఆయన పోయిన తరువాత, మనవరాలి పలక మీద. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుపోయి ఉంటే మన్నించి, సరిచేసుకుని చదవండి. నా చెయ్యి చాలా నిదానం. అందుకని మనుషులు ఎలా ఉన్నారో, ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో రాయలేదు. మాట్లాడుకున్న మాటలు మాత్రం రాశాను.

ప్రత్తిపాడులో ఒక కొత్త ఇల్లు. రేపు పొద్దున గృహప్రవేశం. మూసి ఉన్న వీధి తలుపుల ముందు, వినుకొండ నుంచి బస్సు దిగి వచ్చిన మొగుడూ పెళ్ళాం, అంకారావు, పేరమ్మ. ఇల్లు పేరమ్మ చెల్లెలు వెంకట్రావమ్మది. తలుపుల నిండా ఉన్న ఇత్తడి బిళ్ళ మేకులు, ఒక్కోదాని మీదా ఒక చిలక, పేరమ్మ అడిగితే అంకారావు చేసి పంపినవి.

"నా కళ్ళని నేను నమ్మను. నువ్వు చూసి చెప్పు."

"చూస్తన్నా."

"చిలకలేగా?"

"చిలకలే. ముక్కు, కన్ను, తోక అన్నీ ఉన్నాయి. బిళ్ళ ఎంత నున్నగా పొంగిందో చూడు పేరమ్మా. రేకు చిట్లకుండా అట్టా పొంగించటం..."

"పొంగు సంగతి అడగలా. ఎటు చూస్తన్నాయి?"

"ఎండ మొహాన పడతంది."

"ఎండ నీ వీపున ఉంది. ఎటు చూస్తన్నాయయ్యా?"

"ఎడమ తలుపు మీదయి ఎడమకి."

"కుడి తలుపు మీదయి?"

"కుడికి."

"అంటే?"

"అంటే ఏముంది. ఎడమొహం పెడమొహం."

"అయ్యో! అయ్యో అయ్యో!"

"అరవబాక. వీధిలో వింటారు."

"విననీ. నేను నిన్ను ఎట్టా చేయమన్నాను?"

"చిలకలన్నీ ముక్కూ ముక్కూ ఎదురెదురుగా ఉండాలన్నావు."

"ఎందుకన్నాను?"

"మళ్ళీ అదంతా ఎందుకు?"

"చెప్పు. నీ నోటితో చెప్పు."

"పోయినేడు కనిగిరి పెళ్ళి కాడ్నించి మీ అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. ముందుగా పలకరించాలంటే నీకు నామోషీ. అందుకని వెంకట్రావమ్మ కొత్త తలుపుకి మేకులు చేయించి, నీ మాట చిలకల చేత చెప్పిద్దామనుకున్నావు."

"నామోషీ కాదు."

"మరేంది?"

"నామోషీయే అనుకో. అయితే ఏంది? నేను కావాలని మొహం తిప్పుకున్నానా ఆ పెళ్ళిలో? కంటికి ఆపరేషనైన కొత్త. బయట ఎండ. కళ్ళు జిగేల్మంటే ఆ పక్కకి తిరిగా. ఇది నన్ను పిలుస్తా ఎదురొస్తందని నాకేం తెలుసు?"

"డాక్టరు నల్లద్దాలు ఇచ్చాడుగా."

"ఇచ్చాడు."

"ఏవీ?"

"సంచిలో ఉన్నాయి."

"కళ్ళకి పెట్టుకోమంటే సంచికి పెట్టావా?"

"పెళ్ళిలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంటే ముసల్దాన్లా ఉండనూ?"

"మరి ఇప్పుడెట్టా ఉన్నావు?"

"నోరు మూసుకో."

"ఈ ముక్క వెంకట్రావమ్మతో అప్పుడే చెప్తే అయిపోయేదిగా."

"చెప్తే అద్దాలెందుకు తీశావంటది. చుట్టాలందర్లో చెప్పి నవ్వుద్ది. చిన్నప్పట్నించీ అంతే అది. అయినా అదేం చేసింది? అడిగిందా నన్ను? 'మా అక్క నన్ను చూసి మొహం తిప్పుకుంది' అని ఇంటింటికీ చెప్పుకొచ్చింది. ఈ గృహప్రవేశానికి కూడా తను రాకుండా మరిదికి కార్డిచ్చి పంపింది. సరే పోనీ, నేనే పెద్దదాన్ని, నేనే ఒక మెట్టు దిగుదామని ఈ మేకులు చేయిస్తే, ఇదిగో, దాని గుమ్మానికే చిలకలన్నీ మొహం తిప్పుకుని కూర్చున్నాయి. ఏమనుకుంటది ఇప్పుడు?"

"ఈసారి ఇత్తడిలో కొట్టించి మరీ పంపిందనుకుంటది."

"నవ్వుతున్నావా?"

"నవ్వలా. దగ్గొచ్చింది."

"ఈ దెబ్బతో అది జన్మలో నా గడప తొక్కదు. ఉన్నది ఒక్క చెల్లెలు. నీకు నవ్వుగా ఉంది."

"లేదులే. లేదు. ఏడవబాక."

"ఏడవట్లా. మిరపకాయల కోరు కళ్ళలో పడింది. వీధి పొడుగునా ఎండబోసి చచ్చారు. అచ్చు చెక్కింది ఎవరు?"

"నేనే."

"మూటలు కట్టింది?"

"నేనే. ఎడమ తలుపుకి ఎర్రగుడ్డ మూట, కుడి తలుపుకి తెల్లగుడ్డ మూట. హుస్సేన్ సాహెబ్ చేతికిచ్చి మరీ చెప్పా. ఆయనకి వడ్రంగం కొత్తా? తప్పు నా దగ్గర జరగలా."

"జరక్కపోతే అవెందుకట్టా ఉన్నాయి?"

"అదే నాకూ అంతుపట్టట్లా. చూడు, అచ్చులో కుడికి చూసే చిలక, రేకు మీద పడేటప్పటికి ఎడమకి చూస్తది. తిరగబడుద్ది. ఆ సంగతి నాకు తెలియదా?"

"తెలిసి ఏం చేశావు?"

"ముందే తిరగేసి చెక్కా."

"మరి?"

"తిరగేసి చెక్కానన్న సంగతి మర్చిపోయి, మూట కట్టేటప్పుడు మళ్ళీ తిరగేశానేమో."

"రెండు తిరుగుళ్ళూ తిరిగి మొదటికొచ్చావన్నమాట."

"కానీ పేరమ్మా, ఒక బిళ్ళని తలుపు మీద పెట్టి చూసినట్టు గుర్తే నాకు. మన ఇంటి తలుపు మీదే పెట్టా. పెట్టి, ఇటు చూస్తంది, బాగుంది అనుకున్నా."

"లోపలి వైపు నుంచి పెట్టావా, వీధి వైపు నుంచి పెట్టావా?"

"ఏమో."

"ఏమోనంట."

"నన్నెందుకు అంటావు? పుట్టి బుద్ధెరిగిన కాడ్నించి తామరపువ్వు మేకులు కొట్టినోణ్ణి. తామరపువ్వుకి ముందేది, వెనకేది? ఎట్టా తిప్పి కొట్టినా పువ్వే. నువ్వేగా చిలకలు కావాలన్నది?"

"అంటే తప్పు నాదంటావు."

"నీదని ఎవరన్నారు? చిలకది. దానికి మొహమొకటి ఉండబట్టేగా ఇంత గొడవ."

"పీకెయ్యి."

"ఏంది పీకేది?"

"మేకులు. పీకి, అటువి ఇటు, ఇటువి అటు కొట్టు. రేపటికి టైముందిగా."

"వెనక సంగతి తెలుసా? కాడలు చెక్క దాటించి మడిచి కొట్టి ఉంటాడు సాహెబ్. పీకితే బిళ్ళ ఊడి చేతికొచ్చుద్ది, కాడ చెక్కలో ఉండిపోద్ది. మంచి టేకు తలుపు. గృహప్రవేశం ముందు రోజు చిల్లులు పెట్టమంటావా?"

"అయితే తలుపులే మార్చు. ఇది అటు, అది ఇటు."

"తలుపంటే చాపా, మడిచి అటు పరవటానికి? బందులు మార్చాలి, గడియ మార్చాలి, రెండు తలుపులూ కలిసే చోట చెక్క మార్చాలి."

"పూలదండలేసి కప్పుదాం."

"పైనుంచి కిందదాకానా? తలుపు కనపడదు. పెళ్ళికొడుకు కారులా ఉంటది."

"నీకు అన్నిటికీ అడ్డం చెప్పటమే వచ్చు. సాహెబ్‌కి ఫోన్ చెయ్యి. ఆయన్నడుగుదాం."

"చేస్తన్నా ఉండు. హలో, సాహెబూ! నేను, అంకారావుని. ఆ, వచ్చాం. తలుపు ముందే ఉన్నాం. చూశాం. అదేనయ్యా, ఆ చిలకలు... ఆ? ఏందీ? లేదు, లేదు, నిన్నేమనట్లా. అది కాదయ్యా, ఎర్ర మూట నువ్వు... హలో? హలో?"

"ఏమన్నాడు?"

"'అన్నా, నన్నేం అడగబాక, నేను కూలికి వచ్చినోణ్ణి' అన్నాడు. పెట్టేశాడు."

"చూశావా! ఆయనకి కూడా తెలుసు. నువ్వు చేసిన తప్పు బయటపెట్టటం ఇష్టం లేక పెట్టేశాడు. మర్యాదస్తుడు."

"అంతేనంటావా?"

"ఇంకేముంటది?"

"సరే, అయితే తప్పు నాదే. నేను చెప్తా వెంకట్రావమ్మతో. 'అమ్మా, మూటలు తారుమారు చేశాను, మీ అక్కకి ఏం సంబంధం లేదు' అంటా."

"నమ్మదు."

"ఎందుకు నమ్మదు?"

"నీ చేతిలో తప్పు జరిగిందంటే ఈ చుట్టుపక్కల ఎవరు నమ్ముతారయ్యా? 'బావ పనిలో తప్పా? మా అక్కే కావాలని చేయించి, పాపం బావ మీదకి నెట్టింది' అంటది."

"నన్ను మెచ్చుకున్నావా ఇప్పుడు?"

"లేదు."

"మెచ్చుకున్నట్టే వినపడింది."

"నీకు వయసొచ్చి చెవులు పోయినయి. పద."

"ఎక్కడికి?"

"బస్టాండుకి. నాకు ఒంట్లో బాలేదని మరిదికి ఫోన్ చేసి చెప్పు. రేపు దాని మొహం చూసే ధైర్యం నాకు లేదు. అందరి ముందూ అది ఆ తలుపు చూసి, నన్ను చూసి, ఇట్టా మొహం పక్కకి పెట్టిందనుకో, అక్కడే చచ్చిపోతా."

"ఇంత దూరం వచ్చి?"

"వచ్చిన దూరమే పోయేది. సంచి తీసుకో."

"పేరమ్మా, ఒకసారి ఆలోచించు."

"ఆలోచించా. పద, పోదాం."

"ఉండు, ఆగు. తుమ్మావు. బయల్దేరేటప్పుడు తుమ్మితే ఆగాలి. కాసేపు అరుగు మీద కూర్చో."

"నేను తుమ్మలా. నువ్వు తుమ్మావు."

"నేనా? లేదే."

"మరి తుమ్మిందెవరు?"

"మళ్ళీ! ఇదిగో, తలుపు లోపల్నించి వస్తంది."

"ఎవరది? ఎవరు లోపల?"

"నేనే అక్కా. ఎంత ఆపుకున్నా ఆగలా. లోపలిదాకా కొడతంది ఈ మిరప కోరు."

"వెంకట్రావమ్మా!"

"ఊఁ."

"నువ్వు... ఎప్పట్నించి ఉన్నావే లోపల?"

"'ఎటు చూస్తన్నాయయ్యా' అని బావ ప్రాణం తీస్తన్నప్పట్నించి."

"మొత్తం విన్నావా?"

"తలుపుకి చెవి ఆనించి కూర్చుంటే వినపడక ఏం చేస్తది? నల్లద్దాలు సంచికి పెట్టిన సంగతి కూడా విన్నా."

"చూశావా, నవ్వుతుంది! నే చెప్పలా నవ్వుద్దని?"

"నవ్వక? సంవత్సరం పైన కుళ్ళి కుళ్ళి ఏడిచా అక్కా. మా అక్కకి నేనేం అపకారం చేశానని రాత్రులు నిద్ర పట్టలా. చివరికి సంగతేందంటే, మా అక్క పడుచుపిల్లలా కనపడాలనుకుంది."

"వెంకట్రావమ్మా, అమ్మా, నేను అంకారావుని. ఒక మాట చెప్తా విను. ఈ చిలకలు ఇట్టా తిరగటంలో మీ అక్క తప్పు ఆవగింజంత లేదు. మూటలు కట్టింది నేను. తారుమారు చేసింది నేను."

"నువ్వూరుకో బావా. నీ మూటలు నిక్షేపంలా ఉన్నాయి."

"ఏందీ?"

"సరిగ్గా ఉన్నాయి అంటన్నా. సాహెబ్ ఎర్ర మూట ఎడమ తలుపు దగ్గర, తెల్ల మూట కుడి తలుపు దగ్గర పెట్టుకుని, 'ఇవి ఒకదాన్నొకటి చూసుకోవాలంటమ్మా, మీ అక్క మరీ మరీ చెప్పి పంపింది' అన్నాడు. నాకు ఒళ్ళు మండింది."

"ఎందుకే మండటం?"

"మనుషుల్ని చూసి మొహం తిప్పుకుని, చిలకల్ని మాత్రం చూసుకోమంటావా? మూటలు మార్చి కొట్టమన్నా. వద్దమ్మా, బాగుండదమ్మా అన్నాడు పాపం. కొడతావా, వేరే వడ్రంగిని పిలవనా అన్నా. నువ్వు రేపు పదిమందిలో వచ్చి చూడాలని. చూసి నీకూ మండాలని."

"ఒసే రాక్షసీ! ఇక్కడ మా ఆయన్ని ఇందాకట్నించి ఎన్ని మాటలన్నానే!"

"నేను సరిగ్గానే కట్టా! పేరమ్మా, విన్నావా? నా మూటలు సరిగ్గానే ఉన్నాయి! మన తలుపు మీద పెట్టి చూశానని చెప్తే విన్నావా నువ్వు?"

"విన్నాలే. ఊరంతా విన్నది. ఇప్పుడేం చేద్దామే మరి? రేపొచ్చే చుట్టాలంతా ఇదే చూస్తారు. నీ కసి తీరింది. నేను పోతా."

"తలుపుకి కాస్త ఎడంగా జరుగు అక్కా. తీస్తన్నా."

"ఎందుకు? నా మొహం చూడటానికా?"

"మాటలాపి జరుగు. బావా, నువ్వూ జరుగు. రెండు తలుపులూ బార్లా తీస్తన్నా. ఊఁ, చూడండి."

"పేరమ్మా!"

"ఏంది?"

"ఎటు చూస్తన్నాయో చూడు."

"ఇటే... మన వైపే చూస్తన్నాయి."

"తలుపులు లోపలికి తెరిచేసరికి, బందుల వైపుకి తిరిగిన మొహాలన్నీ వీధికొచ్చినయి! నేను చెక్కినట్టు ఎదురెదురుగా కొట్టుంటే, తలుపు తీసినప్పుడల్లా ఇంట్లోకి చూస్తా, వచ్చేవాళ్ళకి తోకలు చూపించేవి. ఈ సంగతి నాకు తోచనే లేదు!"

"నాకూ తోచలేదు బావా. నిన్న పొద్దుగూకేటప్పుడు సాహెబ్ పని ముగించి తలుపులు తీశాడు. నేను కసిగా చూద్దామని వాకిట్లోకొచ్చా. వస్తే ఇట్టా, రెండు పక్కలా బారులు తీరి, అన్నీ వీధికేసి ఎదురుచూస్తా ఉన్నాయి. ఇవన్నీ అట్టా చూస్తంటే నేనొక్కదాన్నే ఎంతసేపు మొహం తిప్పుకుని కూర్చోను? పొద్దున్నించీ వినుకొండ బస్సు మోత వినపడినప్పుడల్లా వచ్చి ఈ తలుపు వెనక కూర్చుంటన్నా. రా అక్కా. చీర ఎగదోపుకుని రా, వెనక గది ఇంకా కడగలా."

రాసింది: తన్నీరు ఆదెమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు, ప్రస్తుతం ఉండేది చీరాలలో, చిన్నమ్మాయి దగ్గర.