ఏరుడు పని

ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ మెట్ల మీద, బత్తాయిల సంచి పక్కన పెట్టుకొని తల్లీకూతుళ్లు కూర్చున్నారు.

“గా ల్యాబ్‌ల నువ్వు చేసే పనేంది బిడ్డా? మార్కెట్ల అందరు అడుగుతున్నరు.”

“మెదడుల కణాలుంటయి కదమ్మా. వాటి జీన్స్ చూసి, ఏది ఏ రకమో వేరు చేస్త.”

“అంటే నా లెక్కనే. బాటసింగారం పండ్ల మార్కెట్ల నేను బత్తాయిలు ఏరుత, నువ్వు కణాలు ఏరుతవు. ఎన్ని రకాలుంటయి?”

“వేలల్ల ఉంటయి.”

“మాకు మూడే. మరి అమ్మమ్మకు ఏ రకం చెడిపోయి మతిమరుపొచ్చింది?”

“అదే దేవులాడుతున్ననమ్మా. ఆఖరుకు నీ పేరు గూడ మర్చిపోయింది కద.”

“పేరు మర్చిపోయింది గాని, చెయ్యి పని మర్వలే. నాకు ఏరుడు నేర్పిందే ఆమె. పోయే ముందురోజు నా చెంప తడిమి చూసి, ‘ఇది మొదటి రకం, పైలంగ పెట్టుండ్రి’ అన్నది.”