నిలువు, కత్తెర, పడక

ఏంటే మరిసెలా, గుమ్మం బయటే నిలబడిపోయావ్, లోపలికి రా. రేపు బండ్లకి దీవెనలిచ్చే సాన్ క్రిస్టోబల్ పండక్కి నీ కొత్త బండి ఏ వరసలో పెట్టాలో తెలీక వచ్చావు కదూ. కొత్తదంటే నీకు కొత్త, దానికి కాదులే. బానెట్ ఎత్తి చూశావా? లేదూ. హసింతో ఉండుంటే ఇటునుంచిటే వెనక్కి పంపేసేవాడు. కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. పొయ్యి మీద చిక్కుడుగింజలున్నాయి, అవి ఉడికేదాకా చెబుతా.

మన కొండమీద ఈ మూడు వరసలూ పెట్టింది హసింతోనే, తెలుసా. అంతకు ముందు హారన్ ఎవడు గట్టిగా కొడితే వాడి బండికే ముందు దీవెన. ఫాదర్ దీవెన నీళ్లు పట్టుకుని నిలబడితే, ఆయన ముందే డ్రైవర్లు చొక్కాలు పట్టుకునేవాళ్లు. ఒక ఏడాది హసింతో తన మెకానిక్ షెడ్డులోంచి సోడాసీసాల పెట్టె మోసుకొచ్చి నడివీధిలో దించాడు. నాలుగు సీసాలు వరసగా నిలబెట్టి, "ఇంజన్లో సిలిండర్లు ఇలా నిలబడి ఉంటే నిలువు వరస" అన్నాడు. ఇంకో నాలుగు తీసి, రెండు ఇటూ రెండు అటూ, అడుగులు దగ్గరగా పెట్టి మూతులు విడదీసి పట్టుకుని, "ఇలా తెరిచిన కత్తెరలా ఉంటే కత్తెర వరస" అన్నాడు. తర్వాత వాటినే నేలమీద అటు రెండూ ఇటు రెండూ పడుకోబెట్టి, అడుగుకి అడుగు ఎదురుగా పెట్టి, "ఇది మన తాబేలు వీపు వోచో కార్లది, పడక వరస" అన్నాడు. ఎవరి ఇంజను ఎలాంటిదో వాళ్లది ఆ వరసే. అంతే, గొడవ ఆగిపోయింది. మనుషుల్ని కూడా అలాగే చెప్పేవాడే ఆయన. మా అత్తగారు నిలువట, ఎప్పుడు చూసినా ఎవరికో ఒకరికి ఎదురు నిలబడే ఉంటుందని. టాక్సీ స్టాండు పెద్ద రుతీలియో కత్తెరట, నోరు ఒకవైపు, మనసు ఇంకోవైపు, అయినా తిరిగేది ఒక్క ఇరుసు మీదేనట. నవ్వకు, నిజమే అది.

ఆఁ, ఎక్కడున్నాను. అప్పటికి మా మొదటాయన పోయి రెండేళ్లు. ఆయన నడిపిన టాక్సీ వోచో వాకిట్లోనే ఉంది, అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ఒకరోజు కోళ్లని దించి, నేనెక్కాను. ఆరు నెలలు పొద్దున్నే కొండ ఎక్కిస్తూ దించుతూ నేర్చుకున్నాను. ఇక స్టాండులో చోటు కావాలి. చోటు లేకపోతే ఆ బండి మళ్లీ కోళ్లదే, నేను మళ్లీ జనం బట్టలుతకాల్సిందే. రుతీలియో దగ్గరికి వెళ్లి అడిగితే, "చెల్లెమ్మా, ఆడవాళ్లకి చోటు లేదని రూలేం లేదు, ఎందుకంటే ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అని గడ్డం గోక్కున్నాడు. "కొత్తవాళ్లకి పండగరోజు సీసాల పరీక్ష ఉంది కదా, అది నీకూ ఉంటుంది. నేను ఏ బండి పేరు చెబితే దాని సిలిండర్లు సీసాలతో పెట్టాలి. తప్పితే మళ్లీ అడక్కు."

పండగొచ్చింది. వీధి నిండా కాగితం పూలు, బ్యాండు మేళం, జనం. హసింతో పక్కన స్టూలు మీద కూర్చున్నాడు, తీర్పు ఆయనది. రుతీలియో మీసం దువ్వుకుని, "ఫాదర్ గారి బండి పెట్టు" అన్నాడు. మగాళ్లంతా కిసుక్కున నవ్వారు. ఎందుకంటావా? ఫాదర్ అనస్తాసియోది పొడుగాటి నల్లకారు, వెనకాల మెరిసే బిళ్ల మీద V8 అని, అంటే కత్తెర ఎనిమిదని రాసుంది. పన్నెండేళ్లుగా కత్తెర వరసలో మొదటి చోటు దానిదే. ఎనిమిది సీసాల్ని అలా వాల్చి నిలబెట్టాలంటే ఒక్కదానివల్ల అవుతుందా, దొర్లిపోతాయి, అందరూ నవ్వుతారు, అదీ వాడి ఎత్తు. నేను హసింతో వైపు చూశాను. ఆయన నావైపు చూడ్డంలేదు, తన చెప్పుల వంక చూస్తున్నాడు. ఎప్పుడూ అలా చూడడే. మూత తీసి చూడందే మాట్లాడొద్దని నాకు చెప్పింది ఆయనే కదా. సీసాలు కింద పెట్టేసి తిన్నగా ఫాదర్ దగ్గరికి వెళ్లాను.

"ఫాదర్, బానెట్ ఒకసారి ఎత్తుతారా."

"ఎందుకమ్మా, ఎండ మండిపోతోంది, రేకు కాలుతుంది" అన్నాడాయన, గొంతు సన్నగా.

"నేనెత్తుతాలెండి, నావి పెనం మీద రొట్టెలు తిప్పిన చేతులే" అని ఎత్తేశాను. ఆరు, మరిసెలా. వరసగా, బుద్ధిగా నిలబడ్డ ఆరు. బ్యాండువాడు బూరా దించేశాడు. ఫాదర్ టోపీ తీసి మొహం తుడుచుకుని, "ఆ ఎనిమిదింటి దాహానికి పెట్రోలు పోయలేక పన్నెండేళ్ల కిందటే హసింతో చేత మార్పించాను. బిళ్ల మాత్రం పీకనివ్వలేదు. అది చూస్తే నాకు సంబరం" అన్నాడు. రుతీలియో గిరుక్కున తిరిగి, "ఒరే హసింతో, నీకు తెలిసి కూడా ఇన్నేళ్లూ తప్పు వరసలో పెట్టనిచ్చావట్రా" అన్నాడు. హసింతో నెమ్మదిగా, "మనం చెవిలో చెప్పుకున్న పాపాలు ఆయన ఎవరికీ చెప్పడు కదన్నా. ఆయనదొక్కటి నేను దాచాను" అన్నాడు. ముందు ఫాదరే నవ్వాడు, కడుపు పట్టుకుని. ఇక వీధంతా నవ్వే. ఆ నవ్వులోనే నేను ఆరు సీసాలు నిలువుగా పెట్టేశాను, ఒక్కటీ కదల్లేదు. రుతీలియో నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "పో చెల్లెమ్మా, నీ బండి తెచ్చి పడక వరసలో పెట్టుకో. ఫాదర్, మీరు నిలువులోకి పదండి" అన్నాడు.

జనం భోజనాలకి వెళ్లాక హసింతో సీసాలు పెట్టెలో సర్దుతున్నాడు. రెండు మాత్రం వదిలేశాడు. వాటిని నేలమీద పడుకోబెట్టి, అడుగుకి అడుగు ఎదురుగా పెట్టాడు. ఇది ఏ బండిదండీ అన్నాను. "ఒకటి అటు తంతే అదే క్షణంలో రెండోది ఇటు తంతుంది. అందుకే బండి వణకదు" అన్నాడు. మన కొండమీద అలాంటి బండి లేదే అన్నాను. "లేదు. మనమే కట్టుకోవాలి" అన్నాడు, తల ఎత్తకుండా. చెవులు రెండూ మిరపపళ్లలా అయిపోయాయి పాపం.

ముప్పై ఒక్కేళ్లు నడిచిందే ఆ బండి. ఎంత ఎత్తు ఎక్కినా...

అయ్యో, గింజలు అడుగంటుతున్నాయి చూడు. లే, వెళ్లి బానెట్ ఎత్తు, నేనొస్తున్నా.