లసాల్ దొరతో తగువు

అట్లా మీసం దువ్వుకుంటా చూడొద్దు దొరా, ఒళ్ళు మండుతాండాది. ఇటు తిరుగు. నీ గుర్రం తోకలో ఇరుక్కున్న దుమ్ము ఎవరు తీయాల? మీ నెపోలియన్ వచ్చి తీస్తాడా? ఈ సంజీవమ్మే తీయాల. ఇరవై ఆరేళ్ళుగా తీస్తానే ఉండా. ఈ కువైట్ దుమ్ము నీ ఒంటి మీద నుంచి తీసిందంతా ఒక పక్కన పోసింటే మా చిన్నమండెంలో ఇంకో కొండ లేచిండేది.

ఉండేదేమో జానెడు కంచు బొమ్మవి. కులుకు మాత్రం కోటంత!

ఏంది, ఎందుకు కోపమంటావా? తెలీనట్టు అడుగుతాండావే!

ఈ ఇంటి పెద్దాయన బాబాకు మతిమరుపు జబ్బొచ్చి రెండేళ్ళాయె. మిష్రిఫ్‌లో ఇంత పెద్ద ఇల్లు కట్టిన మనిషి, బడిలో చరిత్ర పాఠాలు చెప్పి సగం కువైట్‌కు బుద్ధి నేర్పిన మనిషి, ముందు కొడుకు పేరు మర్చిపోయినాడు. తర్వాత మేం పనోళ్ళం మామా అని పిలిచే కోడలి పేరు మర్చిపోయినాడు. దానికి నేను రవ్వంత సంతోషపడినాను, నీ దగ్గర అబద్ధమెందుకు? ఆ తర్వాత నా పేరు పోయింది.

నీ పేరు పోలా! "జనరల్ లసాల్" అంటే చాలు, మూసిన కళ్ళు తెరుస్తాడు. నీ టోపీకి కుచ్చు ఎట్లుండేదో చెప్తాడు. నువ్వు నోట్లో పొగాకు గొట్టం పెట్టుకునే గుర్రాన్ని దౌడు తీయించేవాడివంట, ఆ పొగ ఎట్లా లేచేదో చేత్తో చూపిస్తాడు. మరి నేనో? తుంటి విరిగినప్పుడు ఆ మనిషిని మూడంతస్తులు వీపున మోసినా. సరే, మూడు మెట్లే అనుకో. మోసినానా లేదా? నువ్వెప్పుడన్నా ఒక గ్లాసు నీళ్ళిచ్చినావా? ఎత్తిన గుర్రం కాలు ఎత్తినట్టే పెట్టుకుని బల్ల మీద నిలబడినావు.

నీ కథ నాకు తెలీదనుకోవద్దు. రోజూ సాయంత్రం అసర్ నమాజు కాగానే టీ, టీతో పాటు నువ్వు. మొదటి ఏడాది ఆ అరబ్బీలో నాకు గుర్రం ఒక్కటే అర్థమయ్యేది. తర్వాత్తర్వాత బాబా యాడన్నా తడబడితే నేనే అందించేదాన్ని. ఇటలీలో ఇరవయ్యారు గుర్రాలతో పోయి శత్రువుల దళాన్ని దళమే పట్టుకొచ్చినావు. ఇరవయ్యారే! అదే నేను మా ఊరోళ్ళకు ఫోన్లో చెప్పేటప్పుడు ఆరు గుర్రాలంటా, బాగుంటుందని.

ఇంగ నువ్వు మనసుపడిన ఆ దొరసాని సంగతి! శత్రువుల సైన్యం నడి మధ్యలో నుంచి దూరి పోయి దాన్ని చూసి వచ్చినావంటనే! సిగ్గుండాలబ్బా. మా ఆయన మంచానికి ఇటు పక్క నుంచి అటు పక్కకు రావాలన్నా నాలుగుసార్లు పిలిపించుకునేవాడు.

ఈజిప్టు దగ్గరికొస్తే మాత్రం బాబా మొహం ముడుచుకునేవాడు. "మా వాళ్ళ మీదికి వచ్చినాడు, తప్పు చేసినాడు" అనేవాడు. నేను లోపల్లోపల గంతులేసేదాన్ని. మరుసటి రోజుకు నిన్ను క్షమించేసేవాడు. నేనొక రోజు చాయలో చక్కెర మర్చిపోతే వారం గుర్తు పెట్టుకున్న మనిషి!

రంజాన్‌కు ముందు నిన్ను ఎత్తుకుపోయి బియ్యం మూటల వెనక పెట్టింది ఎవరనుకున్నావు? నేనే. పెట్టినా. ఏం చేసుకుంటావో చేసుకో. నువ్వు కనపడకపోతేనన్నా నా వైపు చూస్తాడనుకున్నా. చూడలా. రెండు రోజులు ఖాళీ బల్లను తడుముతా కూర్చున్నాడు. కూడు ముట్టలా. మూడో రోజు నా చేతులతోనే నిన్ను తుడిచి తెచ్చి పెట్టినా. నిన్ను చూసి ఎట్లా నవ్వినాడో! ఆ నవ్వు చూసినాక నాకు బుద్ధొచ్చింది.

వినిపించిందా? ఇప్పుడు చెప్పేది ఎవరికీ చెప్పొద్దు.

నీ దండులో నేను చేరినా.

అవునయ్యా! బాబా తడబడినప్పుడు అందించేది నేనే కదా? స్టెట్టిన్ కోట దగ్గర కథ ఆపినాడొకసారి. లోపలేమో ఐదువేల మంది, గోడల నిండా ఫిరంగులు. బయట నీకుండేది ఎనిమిది వందల గుర్రాలు. గుర్రాలు గోడలెక్కవు. వట్టి బెదిరింపుతో కోట తాళాలు లాక్కున్నావు. "ఎట్లా బెదిరించినాడు, ఎట్లా..." అని బాబా వెతుక్కుంటా ఉంటే, నా నోరు ఊరుకుంటుందా? "వంట మనిషి సంజీవమ్మ వెయ్యి పొయ్యిలు ముట్టించింది బాబా, ఆ పొగ చూసి లక్ష మంది వచ్చినారని వాళ్ళు జడుసుకున్నారు" అన్నా.

బాబా తల ఊపినాడు. "అవును, సంజీవమ్మ" అన్నాడు.

ఎన్నాళ్ళకో నా పేరు ఆ నోట్లో విన్నా దొరా.

ఆపుతానా ఇంగ? రోజుకొకటి. ఇటలీలో నీ గుర్రానికి ఉలవలు ఉడకబెట్టింది సంజీవమ్మ. ఆ దొరసాని ఇంటికి దోవ చూపించింది సంజీవమ్మ. మంచులో నీ సైనికులందరికీ సంగటి కెలికింది సంజీవమ్మ. బాబా ఒక్కటీ మర్చిపోలా!

ఇప్పుడెందుకు నీతో పెట్టుకున్నానంటే, ఎల్లుండి నా విమానం. ముసలిదానివైనావు, చాలు, ఖలాస్ అన్నారు. ఈసారి ఇఖామా, అదే ఈడ ఉండేదానికి పర్మిట్ కాగితం, రాయించలా. నా బదులు వెంకటేశ్వరి అని మొన్ననే ఒక పిల్ల దిగింది, వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతాండాది. పోయేలోపల ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా మొహం చూసి నా పేరు పిలిస్తే చాలనుకున్నా.

ఇందాక చుట్టాలొచ్చినారు కదా, నువ్వూ ఇక్కడే నిలబడి విన్నావు. బాబా కథ ఎత్తుకున్నాడు. అన్ని చోట్లా సంజీవమ్మే. మామా నా వైపు ఓరగా చూసి నవ్వు ఆపుకుంటాండాది. చివరికి నీ ఆఖరి యుద్ధం వచ్చింది. ఆ పొద్దు నీ పొగాకు గొట్టం విరిగి కనపడిందని, ఈరోజు బతకనని నీకు తెలిసిపోయిందని, అయినా గుర్రమెక్కినావని, నుదుట్లో గుండు తగిలిందని చెప్పినాడు.

"ఆ పొద్దు సంజీవమ్మ ఆడ లేదు" అన్నాడు. "సెలవు మీద ఊరికి పోయింది. ఆమె ఉండింటే పోనిచ్చేది కాదు."

ఒట్టు దొరా, ఆ మాట నేను అందించింది కాదు.

నేను పోస్తాండే టీ గ్లాసు దాటి ఒలికింది. బాబా తలెత్తి నా మొహంలోకి చూసినాడు. చల్లగా, మర్యాదగా, చుట్టాలను చూసినట్టు. "కొత్తగా వచ్చినావా అమ్మా? నీ పేరేంది?"

నేనే సంజీవమ్మ అనాల్సింది కదా? ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే కదా నీతో కొట్లాడింది? ఆయన కథలో సంజీవమ్మ వెయ్యి పొయ్యిలు ముట్టించిన మనిషి. ఈ ఒలికిన టీ తుడిచే ముసలిదాన్ని చూపించి అదే ఇది అంటే, ఆయన దగ్గర ఆమె కూడా మిగలదు.

"వెంకటేశ్వరి" అన్నా.

"మంచి పేరు" అన్నాడు.

నయమేలే. ఎల్లుండి నుంచి టీ ఇచ్చే పిల్ల పేరు కూడా అదే, మనిషి మారిందని తెలీదు.

కాలు ఇట్లా పెట్టు, ఇంకా కొంచెం దుమ్ముంది. ఇంగ నీ మీద నాకు కుళ్ళు లేదు దొరా, పో. ఇప్పుడు నాకు కుళ్ళంతా ఆ సంజీవమ్మ మీదనే.