ఆదివారం విందు శనివారమే

పెద్దలారా, అక్కల్లారా, తమ్ముళ్లారా, గేటు బయటే నిలబడి లోపలికి రావాలా వద్దా అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నవాళ్లారా, లోపలికి రండి. చావు ఇంటికి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరెవరు వచ్చారో రాసుకునేవాళ్లు ఉంటే రాసుకోనివ్వండి. పేర్లు తప్పు రాయకుండా గట్టిగా చెప్పి మరీ కూర్చోండి.

మన ఊరు కోక్-ఎషిక్‌లో ఇక జూరకన్ అక్క లేదు. ఇన్ని రోజులూ గుడారంలో గోడవైపు తిరిగి, ఆడవాళ్లందరితో కలిసి ఆమె మీద పాట కట్టి ఏడ్చాను. ఏడుపు అయిపోయిందని బయటికి రాలేదు. పాటలో పట్టని మాటలు కొన్ని మిగిలిపోయాయి. అవి మీవైపు తిరిగి, నిలబడి చెప్పాలి. నేను సైరాగుల్‌ని, కింది వీధిలో ఉన్ని తడిపి, చుట్టి, తొక్కి కంబళ్లు చేసే సైరాగుల్‌ని. సభలో ఆడమనిషి మాట్లాడటమేమిటని అక్కడ గొణుగుతున్న పెద్దాయనకు ఒక్క మాట. మీ గొర్రెలకు జూరకన్ అక్క సూది వేసినన్నాళ్లూ అది ఆడమనిషి చెయ్యి అని మీరు అనలేదు.

ఈ సభ క్లబ్బు హాలులో జరగాలి. తాళంచెవి కనబడలేదన్నారు. క్లబ్బు కట్టినప్పటినుంచీ ఆ తాళంచెవి ఒకే మేకుకు వేలాడుతోంది. సరిగ్గా ఈ వారమే దానికి కాళ్లొచ్చాయి. పోనీయండి. ఆమె పెరడు ఆ హాలుకన్నా పెద్దది, పైగా ఇక్కడ పొయ్యి ఉంది.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. రేపు ఓట్లు. ఇవాళ ప్రచారం చెయ్యకూడని రోజు. నా నోట ఏ అభ్యర్థి పేరూ రాదు. ఎదురుచూస్తున్నవాళ్లు హాయిగా టీ తాగండి. జూరకన్ అక్క ఎవరికి ఓటేసేదో నాకే తెలీదు. అసనాలీ బావకు కూడా తెలీదు. కాపురం మొదలైన నాటినుంచీ ఆయన అడుగుతూనే ఉన్నాడు. ఆమె అనేది, "నీకు పిల్లల్ని ఇచ్చాను, ఇల్లు ఇచ్చాను, నా జీతం ఇచ్చాను. ఒక్కటి నాది ఉండనివ్వు."

మిత్రులారా, కిందటి ఓట్లు గుర్తున్నాయా? నాకు గుర్తున్నాయి. ఉన్ని తొక్కే ఆడవాళ్లమందరం ఇస్త్రీ చేసిన తలగుడ్డలు కట్టుకుని బడికి వెళ్లాం. యంత్రం మీద వేలు పెట్టమన్నారు. పెట్టాం. యంత్రం మా వేళ్లను గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడుతుంది? వేడినీళ్లలో, సబ్బులో, ఉన్నిలో అరిగిపోయిన వేళ్లు. వేలి గీతలన్నీ మీ ఇళ్లలో పరిచిన కంబళ్లలో ఉన్నాయి. అక్కడ కూర్చున్నాయన, "చేతులు కడుక్కుని మధ్యాహ్నం రా అమ్మా" అన్నాడు. మధ్యాహ్నం వెళితే "సాయంత్రం రండి" అన్నాడు. సాయంత్రం వెళితే తలుపు మూశారు. మేం ఏమన్నాం? "సరే నాయనా, శ్రమ ఇచ్చాం" అని ఇంటికొచ్చి ఆవు పాలు పితికాం.

ఆ కబురు విన్న జూరకన్ అక్క కోపం ఎవరిమీద చూపించింది? ఆ యంత్రం మీద కాదు. ఆ అధికారి మీద కాదు. మామీద. "అడగనిదే అమ్మైనా పెట్టదు, వాడు పెడతాడా? వేలు పడకపోతే ముఖం చూడాలి, కార్డు చూడాలి, చూసి ఓటు కాగితం ఇవ్వాలి. వెనక్కి పంపే హక్కు వాడికెవడిచ్చాడు? మీరే ఇచ్చారు." ఆ మాటకు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు ఆమె ఇంటికి వెళ్లి, "ఏం చెయ్యమంటావో చెప్పు" అన్నాను.

అలా మొదలైంది. జీతం లేదు, బిల్ల లేదు, జెండా లేదు. పశువుల ఆసుపత్రిలో పింఛను పుచ్చుకుని ఇంట్లో కూర్చోవలసిన మనిషి, ఆమె పాత జిగులీ కారు, మేం నలుగురైదుగురు ఆడవాళ్లం. ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్ల చేత రాత్రిపూట వేళ్లకు గొర్రె తోక కొవ్వు రాయించి, చేతులకు మేజోళ్లు తొడిగించి పడుకోబెట్టాం. మగవాళ్లు లబోదిబోమన్నారు. "పక్కలో పెళ్లాం పడుకున్నట్టు లేదు, పులావు పడుకున్నట్టుంది" అని నా మొగుడే ఊరంతా చెప్పుకుతిరిగాడు. నవ్వండి, ఫరవాలేదు. ఈ ఇంట్లో ఆమె ఉండగా నవ్వని రోజు లేదు.

అయినా కొందరి వేళ్లు మళ్లీ గీతలు పట్టలేదు. వాళ్లకోసం ఆమె ఈ పెరట్లోనే ఒక పోలింగు కేంద్రం పెట్టింది. పాత రేడియో ఒకటి యంత్రం. తనే అధికారి. మామూలు అధికారి కాదు, దేశంలోకెల్లా చెడ్డ అధికారి. కళ్లజోడు ముక్కుమీదికి జార్చి, "వేలు పడలేదు ముసలమ్మా, పక్కకు తప్పుకో, వెనక జనం ఉన్నారు" అని కసిరేది. ఉమ్సునై అవ్వ మొదటిసారి, "సరే తల్లీ, చల్లగా ఉండు" అని దీవించి ఇంటిదారి పట్టింది. నేను వీధి చివరికి పరిగెత్తి వెనక్కి తీసుకొచ్చాను. రెండోసారి కళ్లనీళ్లు పెట్టుకుంది. మూడోసారి ఏం చేసిందో చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. రేడియోను ఒక్క తోపు తోసి, "నా ముఖం చూడు, నా కార్డు చూడు, కాగితం ఇచ్చేదాకా కదల్ను" అని బల్ల ముందు నేలమీద చతికిలపడింది. జూరకన్ అక్క కళ్లజోడు తీసి ఆ అవ్వ రెండు చేతులూ ముద్దుపెట్టుకుంది. ఆమె కళ్లు తడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఓటు కాగితాలు కూడా ఇక్కడే నేర్పింది. నమూనా కాగితం మీద మనుషుల పేర్లు రాస్తే పార్టీ మనుషులు వచ్చి పడతారని వంటల పేర్లు రాసింది. సూపు, పులావు, సమోసా, నూడిల్స్, అడుగున "ఎవరికీ కాదు". ఏది గెలిస్తే వచ్చే శుక్రవారం అదే వండిపెడతానంది. ఇక చూడాలి మన ఊరి రాజకీయం. పులావు పక్షంవాళ్లు పిల్లలకు చాక్లెట్లు పంచారు. సూపు పక్షంవాళ్లు, పులావుకు బియ్యం ఎక్కడివో తేల్చాలన్నారు. ఇద్దరిమీదా ఒళ్లుమండి సగం ఊరు "ఎవరికీ కాదు"కి గీత పెట్టింది. అదే గెలిచింది. శుక్రవారం అందరూ ఆకలితో వచ్చి కూర్చుంటే ఆమె ఉత్త టీ పోసింది, చక్కెర కూడా వెయ్యకుండా. "ఎవరూ వద్దన్నారుగా. తాగండి. దేశంలో అయితే ఇది ఒక్క శుక్రవారంతో పోదు." ఆ తర్వాతి వారం ఒక్కరూ ఆ గీత పెట్టలేదు.

ఆమెకు భయం లేదని అందరూ అంటున్నారు. ఉంది. నాకు తెలుసు. చక్కెర బస్తాలతో ఒకాయన ఊళ్లోకి వచ్చిన నాడు ఆమె గేటు గడియ రెండుసార్లు వేసి చూసుకోవడం చూశాను. ఆయన ఏ పక్షమో చెప్పను, అన్ని పక్షాలకూ అలాంటి ఆయన ఒకడుంటాడు. బస్తా ఇచ్చాడు, రొట్టె మీద చెయ్యి పెట్టించాడు, మాకే వేస్తామని ఒట్టు వేయించుకున్నాడు. మనవాళ్లకు బస్తా బరువు కాలేదు, ఒట్టు బరువైంది. రొట్టె మీద ఒట్టు తప్పితే పిల్లలకు తగులుతుందని తల్లులు ఏడుస్తూ ఈ గేటు దగ్గరికి వచ్చారు. ఏం చేసింది? అదే రొట్టెను తువ్వాలులో చుట్టుకుని ఆయన ఉన్న ఇంటికి నడిచింది. మేం వెనకాల నడిచాం. రొట్టెను ఆయన ముందు పెట్టి ఇలా అంది. "వీళ్లు చెయ్యి పెట్టారు. ఇప్పుడు నువ్వు పెట్టు. గెలిస్తే కాలువ బాగుచేయిస్తాం, పై వీధికి నీళ్లు తెస్తాం, తేకపోతే నా పిల్లలకు తగలాలి, అను." ఆయన చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. ఎంతసేపు చూశామో తెలీదు, రాలేదు. అక్క రొట్టె తీసుకుని, అక్కడే తుంచి, తలా ఒక ముక్క పెట్టింది. "ఒకవైపు వేసిన ఒట్టు ఒట్టు కాదు. తినండి. ఓటు ఎవరికి వెయ్యాలో మీ ఇష్టం, ఆయనకే వేసినా మీ ఇష్టమే" అంది. ఆయనకు వెయ్యొద్దని మాత్రం అనలేదు. అదీ జూరకన్ అక్క.

అలాంటి మనిషి పై వీధికి బయలుదేరుతూ బూటు ఒకటి తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని, ఆ మెట్టుమీదే ఒరిగిపోయింది. గుండె ఆగింది. డాక్టరు అదే చెప్పాడు. కానీ ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. "ఊరికే తిరిగి తిరిగి చచ్చింది, ఏం బావుకుంది?" అని. ఆ మాట అన్నవాళ్లు ఇక్కడుంటే వినండి. తిరక్కుండా ఇంట్లో కూర్చున్నవాళ్లు ఎవరూ చావడం లేదా? మన శ్మశానంలో ఉన్నవాళ్లందరూ ఓటర్లను కూడగట్టినవాళ్లేనా? ఆ మాట నాకు మంట పుట్టించింది. ఇంకా మండుతూనే ఉంది, దాచుకోను.

ఇక గుర్రం సంగతి. మీరంతా దానికోసమే కాచుకున్నారని నాకు తెలుసు.

నలభయ్యో రోజు విందు బుధవారం వస్తుంది. మన ఊరి పెద్ద, గ్రామ కార్యాలయం మామిర్కుల్ అన్న, అదిగో ముందు వరసలో కూర్చున్నారు, స్వయంగా వచ్చి అసనాలీ బావను ఓదార్చారు. విందుకు కొయ్యడానికి ఒక ఆడగుర్రాన్ని ఆమె పేరున ఇస్తానన్నారు. బుధవారం జనానికి పనులుంటాయి, ఆదివారం పెట్టుకుందాం అన్నారు. ఇక్కడెందుకు, కనుమకు అవతల ఆమె పుట్టినూళ్లో పెడదాం, ఆత్మ సంతోషిస్తుంది అన్నారు. పొద్దున ఏడింటికల్లా బస్సులు ఈ వీధిలోకే వస్తాయి, చీకటిపడ్డాక తెచ్చి దింపుతాయి అన్నారు. ముఖ్యంగా పెద్దవాళ్లను, అవ్వలను, ఆమె ఎవరెవరిని ప్రేమగా చూసుకుందో వాళ్లందరినీ తీసుకెళ్లాలన్నారు. ఎంత మంచి మనసు!

ఆదివారం. పొద్దున ఏడింటినుంచి చీకటిపడేదాకా. కనుమకు అవతల.

అర్థమైందా అవ్వా? కొవ్వు రాసుకున్న చేతులతో మీరంతా అక్కడ మాంసం తింటూ ఉంటారు, ఇక్కడ బడి తలుపులు మూసేస్తారు. ఆమె ఎవరికి నేలమీద కూర్చోవడం నేర్పి పోలింగుకు సిద్ధం చేసిందో, సరిగ్గా వాళ్లని ఆమె పేరు చెప్పి మరీ ఊరు దాటిస్తారు. ఎవరూ మనల్ని ఆపనక్కర్లేదు, మనమే ఏడుస్తూ బస్సెక్కుతాం. చచ్చినవాళ్ల విందుకు రానని మనలో ఎవరంటారు? ఇచ్చిన గుర్రాన్ని వద్దని ఏ మొగుడంటాడు? అసనాలీ బావకు కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆయన ఒప్పుకున్నాడు. తప్పు పట్టను. దుఃఖంలో ఉన్న మనిషి.

నిన్న గుర్రం వచ్చింది. ఈ పెరట్లో కట్టేశారు. మంచి గుర్రం, బలిసిన గుర్రం. దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదంటారు, గుర్రానికైనా అంతే. మేం పళ్లు లెక్కపెట్టలేదు. ముల్లాగారిని ఒక్క ప్రశ్న అడిగాం. విందు నలభయ్యో రోజు దాటాక జరపొచ్చా? కూడదన్నారు. ఆ రోజుకన్నా ముందే జరపొచ్చా? జరపొచ్చన్నారు, మన తాతలు జరిపారన్నారు. చచ్చినవాళ్ల పేరున ఇంటికిచ్చిన జంతువును ఎప్పుడు కొయ్యాలో ఎవరు చెప్పాలి? ఇంటివాళ్లన్నారు.

అప్పుడు అసనాలీ బావ, జీవితంలో గొంతు పెంచి ఎరగని మా బావ, లేచి కత్తి తీసుకున్నాడు. "నా పెళ్లాం విందుకు ఆలస్యంగా వస్తే ఊరుకునేది కాదు. ముందు వచ్చినవాళ్లను ఎప్పుడూ ఏమీ అనలేదు" అన్నాడు. ఇవాళ తెల్లవారగానే ప్రార్థన చేసి కోశాం. అదిగో, ఆ కాగుల్లో ఉడుకుతున్నది అదే. మామిర్కుల్ అన్నా, మీకు పెద్దలకిచ్చే తుంటి ఎముక తీసి పెట్టాం, మర్యాద తప్పలేదు. మీ దానాన్ని దేవుడు స్వీకరించుగాక. మాంసం బాగా మెత్తబడింది.

రేపటి బస్సులు మాత్రం వద్దు, అన్నా. వాటిలో బడికి వెళితే, జనాన్ని బళ్లలో తోలుకొచ్చారని మీరే మామీద రాస్తారు. మేం నడుస్తాం. పై వీధినుంచి బడికి ఎంత దూరమో మా కాళ్లకు తెలుసు. వేలు పడితే సరే. పడకపోతే ముఖం చూపిస్తాం, కార్డు చూపిస్తాం, పక్కకు తప్పుకోమంటే ఆ గదిలో నేలమీద కూర్చుంటాం. చావు ఇంట్లో ఇన్ని రోజులు నేలమీద కూర్చోవడం అలవాటైంది, ఒక పూట పెద్ద కష్టం కాదు. అన్నా, ఆ గదిలో ఎవరు కూర్చుంటారో వాళ్లకు ఈ మాట ఇవాళే చెప్పండి. మేం ఎవరికి వేస్తామో అడక్కండి. మీ పక్షానికే వేస్తామేమో. ఆ సంగతి ఆ తెర వెనక్కి వెళ్లాక మా ఇష్టం.

జూరకన్ అక్కా, నీ మీది మన్ను పట్టుగుడ్డలా మెత్తగా ఉండాలి. నీ రెండో బూటు నేను తొడుక్కోలేదు, నా కాలికి పట్టదు. కానీ నువ్వు వెళ్లాలనుకున్న పై వీధి ఇళ్లు ఒక్కటి వదలకుండా తిరిగాం.

అందరూ చేతిలో గిన్నెలు కింద పెట్టండి. ఆమెకోసం కాసేపు మాట లేకుండా నిలబడదాం. టోపీలు తియ్యనవసరం లేదు, చలిగా ఉంది. మామిర్కుల్ అన్నా, మీరూ లేవండి.

అవ్వల్లారా, మీరు మాత్రం లేవకండి. కూర్చునే ఉండండి. మీ కాళ్లు రేపటికి కావాలి.