గెడ్డ నోరు

మూడు రోజుల వాన వెలిసింది. మధురవాడ దిగువ కాలనీలో నీళ్లు ఇంకా మోకాలిలోతు ఉన్నాయి. అరుగు మీద కూర్చున్న ముసలామె దగ్గరకి కార్పొరేషన్ సర్వేయరు మ్యాపు పట్టుకుని వచ్చాడు.

"అమ్మా, ఒకప్పుడు ఇదంతా చిత్తడి నేలట. మళ్లీ తవ్వితే వాన నీళ్లు అందులోకి పోతాయి. కొండ మీంచి వచ్చే వాగు, అదే గెడ్డ, అందులో ఎక్కడ కలిసేదో తెలీడం లేదు."

"మేపులో లేదేటి?"

"లేదు. మీకు తెలుసా?"

"టీ తాగుతావా బాబూ?"

"వద్దమ్మా. పొద్దున్నించీ నలుగుర్ని అడిగాను. నలుగురూ టీయే ఇచ్చారు."

"సెప్తే అక్కడున్న ఇల్లు తీసేత్తారు కదా. ఎవులు సెప్తారు?"

"వేరే ఇల్లు ఇస్తామంటున్నారు."

"అంటారులే."

"చెప్పకపోతే ప్రతి వానకీ వీధంతా ఇలాగే మునుగుతుంది."

"మొన్న ఓ కొంగ నా వంటగదిలోకొచ్చి నిలబడింది. తోలినా ఎల్లలేదు. దానికింకా జాగా గురుతున్నట్టుంది."

"మీ వంటగదిలోనా?"

"గెడ్డ నోరు అక్కడే. మా ఆయనా నానూ పూడిసినాం. గ్రావెల్ తట్టలు నానే అందించినాను."

"మీ ఇల్లే పోతుందమ్మా. ఒకరోజు ఆలోచించుకోండి."

"ఇరవయ్యేళ్లుగా వానొత్తే మంచం మీద పొయ్యెట్టుకుని వండుతన్నాను. అలిసిపోనాను బాబూ. రేపు ఎండొచ్చిందంటే నాకు సెప్పబుద్ధి కాదు. ఇప్పుడే రాసుకో."